గట్టు దిగే పిల్లలు

1. సోమవారం

బడికి నడిచొచ్చే పిల్లలందరూ ఈ ఏడాది దారి దినచర్య రాయాలని హెలెన్ టీచర్ చెప్పారు. "కళ్ళతో చూసింది ముందు రాయండి, మనసుకి అనిపించింది తర్వాత" అన్నారు. ప్రయత్నిస్తాను గానీ నాకు ఆ రెండూ విడివిడిగా ఉండవు.

చూసింది: మా గువ్వలంక నుంచి మూడుకాలవల బడికి ఒకటే గట్టు. దానికి రెండు పక్కలా నీళ్ళే. అమ్మమ్మ చిన్నతనంలో కుడిపక్క వరిచేలు ఉండేవట. ఇప్పుడు ఎటు చూసినా రొయ్యల చెరువులు, వాటి అవతల ఉప్పునీళ్ళు. గట్టు మీద మూగబళ్ళు తిరుగుతాయి. వాటిలో మనిషి ఉండడు, వాటికి చప్పుడు ఉండదు. ఐసులో రొయ్యలు వేసుకుని రేవుకి పోతాయి, ఖాళీగా తిరిగొస్తాయి. బండి వెడల్పూ గట్టు వెడల్పూ ఇంచుమించు ఒకటే.

అందుకని మేము దిగుతాం. ముందు నడిచేవాళ్ళు "దిగుడో!" అని కేక వేస్తారు. అందరం పుస్తకాలు నెత్తిన పెట్టుకుని, సైకిలున్నవాళ్ళు సైకిలు భుజానికెత్తుకుని, ఏటవాలులో దిగి నీళ్ళలో నిలబడతాం. బండి పోతుంది. మళ్ళీ ఎక్కుతాం. బడికి చేరేలోపు ఎన్నిసార్లు దిగుతామో చెప్పలేను. మోకాళ్ళ దాకా బురద ఆరిపోయి, కూర్చుంటే పెళపెళ రాలుతుంది.

ఇది మా ఊరి కట్టుబాటు. లంక ఊళ్ళలో కట్టుబాటంటే ఊరంతా కూర్చుని ఒకసారి అనుకున్న మాట. దాటితే ఇంటి మీద తప్పు, అంటే జరిమానా, వేస్తారు. ఈ దిగుడు కట్టుబాటు పెట్టించింది మా పెదనాన్న సాంబయ్య. ఆయనకి ఒక్కడే కొడుకు, మా సూర్యం అన్న. బడికి వెళ్తూ మలుపు దగ్గర మంచులో మూగబండి కింద పడి చనిపోయాడు. ఇప్పుడు మా చెల్లి అలివేలుకి ఎంత వయసో అప్పుడు నాకు అంత. ఆ తర్వాత మా ఊళ్ళో ఒక్క పిల్లకి కూడా బండి తగల్లేదు.

అనిపించింది: ఇవాళ బడిలో మొదటి పాఠం పరిశుభ్రత. ఎవరి కాళ్ళ వైపు చూసి చెప్పారో మరి!

2. బుధవారం

అలివేలు ఈ ఏడాదే బడికి రావడం మొదలుపెట్టింది. దాని సంచీ నేను మోస్తాను. అది ఏసుమణి సైకిలు వెనక కూర్చుంటుంది. ఏసుమణి నా స్నేహితురాలు, మా ఊళ్ళో అందరికన్నా నోరు పెద్దది.

"ఒసే వేణీ, మీ చెల్లికి ఏం పెడతన్నారే ఇంట్లో? సైకిలు మూలుగుతుంది" అంది.

"దిగమంటే దిగుతా" అంది అలివేలు.

"దిగకు తల్లీ. ఎలాగూ బండొస్తే దిగుతావు, అదే చాలు."

ప్రతి ఇంట్లోనూ పాఠాలు చెప్పే తెర, పాఠాల గోడ, ఉండగా మీరు బడికెందుకు వెళ్తున్నారని అడిగేవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. గోడ చెడ్డదేం కాదు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా లెక్కలు చెబుతుంది. కానీ నేను ఒక వాక్యం మొదలుపెడితే మిగతాది అదే రాసేస్తుంది. "కొంగ నీళ్ళలో" అని కాస్త ఆగానో లేదో, "నిలబడి ఉంది" అని వెలుగుతుంది. నా కొంగ నిలబడి లేదు. అలిగి ఉంది. ఆ మాట నాకు దొరికేలోపే గోడ తొందరపడింది. బడిలో హెలెన్ టీచర్ అలా చెయ్యరు. మాట దొరికేదాకా ఆగుతారు. క్లాసంతా ఆగుతుంది. ఆ ఆగడం నాకు ప్రాణం.

గట్టు, కట్ట, ఒడ్డు, దరి. నాలుగూ అంచులే, ఏ రెండూ ఒకటి కావు. ఇవాళ దీని మీద మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం. గోడతో వాదించుకోవడం కుదరదు.

3. శుక్రవారం

చూసింది: మేము బడిలో ఉండగా, గట్లనీ మూగబళ్ళనీ చూసుకునే గట్ల బోర్డు యంత్రాలు వచ్చి గట్టు ఏటవాలు పొడవునా నల్ల పరదా పరిచి వెళ్ళాయి. నీళ్ళకి గట్టు కోసుకుపోకుండా ఇలా చేశారట. ఇన్నాళ్ళూ మేము తుంగ దుబ్బులు పట్టుకుని దిగేవాళ్ళం. వాటిని పెరికేశారు. పరదా తడిస్తే పాచి పట్టిన మెట్టులా జారుతుంది. సాయంత్రం వచ్చేటప్పుడు ఒక్కొక్కళ్ళం కూర్చుని, జారుతూ దిగాం. ఏసుమణి గౌను వెనక చిరిగిపోయింది.

పైగా చెరువుల్లో రొయ్యలు పట్టే పని, పట్టుబడి, మొదలైంది. ఒక బండి పోయిందని ఎక్కితే వెనకే ఇంకొకటి వస్తోంది.

అనిపించింది: గట్టు జారిపోతుందని దానికి బట్ట కట్టారు. దాని మీద నుంచి మేము జారిపోతామని ఒక్కళ్ళకీ తోచలేదు. మట్టి మీద ఉన్న ప్రేమ మా మీద లేదు. ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు రావడం లేదు, టీచర్.

4. సోమవారం

అలివేలు నీళ్ళలో పడింది.

మలుపు దాటాక ముందున్నవాళ్ళు "దిగుడో!" అన్నారు. నేను దాని చెయ్యి పట్టుకునే ఉన్నాను. కూర్చుని జారుతున్నాం. నా కాలికి అడుగు తగిలింది, దానికి తగల్లేదు. పరదా కింద ఒకచోట మట్టి పోయి గుంట పడిందని మాకెవరికీ తెలియదు. చెయ్యి జారింది. నీళ్ళు మూసుకున్నాయి. పైన బండి ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది.

ఏసుమణి సైకిలు వదిలేసి దూకింది. జుట్టు పట్టుకుని లాగింది. అలివేలు నల్లటి నీళ్ళు కక్కి, ముందు ఏడవలేదు. "నా సంచీ తడిసిందా?" అంది. సంచీ నా నెత్తినే ఉందని చూపించాక ఏడ్చింది.

బడికి వెళ్ళకుండా వెనక్కి వచ్చేశాం. అమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని జుట్టు తుడిచింది. తర్వాత నా వైపు చూడకుండా అంది, "ఇక చాల్లే. గోడ ఉందిగా."

5. మంగళవారం

ఊరంతా ఐసు షెడ్డులో కూర్చున్నారు. పిల్లల్ని బయటే నిలబెట్టారు గానీ రేకుల సందులోంచి అంతా వినపడుతుంది.

పెదనాన్న లేచి, పట్టుబడి అయ్యేదాకా పిల్లలెవరూ గట్టెక్కకూడదని అన్నారు.

"అయ్యాక?" అని ఎవరో అడిగారు.

"అయ్యాక చూద్దాం. నీళ్ళు ఎటూ తగ్గేవి కావు, బళ్ళు ఎటూ తగ్గేవి కావు. ఇప్పుడేం, గోడ పాఠం చెప్పట్లేదా?"

నేను ఆగలేకపోయాను. రేకు పక్కకి తోసి లోపలికి వెళ్ళాను. మాట్లాడాలనుకున్నవన్నీ మంచి మాటలు. తీరా నోరు తెరిస్తే, "అది బడి కాదు పెదనాన్నా!" అని ఒక్కటే వచ్చింది, అదీ గొంతు పగిలి.

ఆయన కోప్పడలేదు. "నువ్వు బతికుంటే ఎక్కడైనా చదూకోవచ్చమ్మా" అన్నారు. 

అప్పుడు ఏసుమణి నా వెనక నుంచి అరిచింది. "మా అత్తోళ్ళ చింతపాడులో గట్టు పక్కన ఇంకో దారేశారు! సైకిళ్ళకి, నడిచేవాళ్ళకి! ఇంతెత్తు కమ్మీలు, దీపాలు కూడాను! అదేదో పక్కదారి నిధంట. మనకెందుకు ఇవ్వరు?"

 అలాంటి నిధి ఉందని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. చివరికి, హెలెన్ టీచర్ ద్వారా బోర్డుని అడిగించి చూద్దామన్నారు. అప్పటిదాకా పిల్లలు ఇళ్ళలోనే ఉండాలి.

6. శనివారం

బోర్డు నుంచి శ్రీవత్స గారని ఒక ఆఫీసరు వచ్చారు, పడవలో.

"గట్టు మీద రాలేదేంటండి?" అని పెదనాన్న అడిగారు.

"మా స్టాఫ్ ఎవరూ గట్టు మీద నడవకూడదండి. సేఫ్టీ రూలు."

ఏసుమణి నా డొక్కలో పొడిచింది. నవ్వాలో కొట్టాలో నాకు తెలియలేదు.

ఆయన చిన్నవాడే. మర్యాదగా అందరికీ దణ్ణం పెట్టి, అరచేతిలో తెర తెరిచి చదివారు. "గువ్వలంక గట్టు. నడిచేవాళ్ళ కోసం బండి ఆగిన సందర్భాలు, బళ్ళు పెట్టిన దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా... సున్నా."

షెడ్డంతా చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు. పెదనాన్న పళ్ళు కనపడేలా నవ్వడం నేను మొదటిసారి చూశాను. "చూశారా మరి! సున్నా! మా పిల్లల కోసం ఒక్క బండి కూడా ఆగక్కర్లేదండి. అంత జాగర్తగా పెంచుకున్నాం."

"అవునండి. ఇంత క్రమశిక్షణ ఇంకెక్కడా చూడలేదు. అభినందనలు."

"అయితే పక్కదారి ఎప్పుడు మొదలెడతారు?"

శ్రీవత్స గారు తెర మూశారు. "అదేనండి చెప్పబోతున్నాను. ఆగుళ్ళు ఎక్కువగా ఉన్న గట్లకే నిధి. బండి ఆగిందంటే అక్కడ ప్రమాదం ఉందని గుర్తు. మీ దగ్గర ప్రమాదమే లేదు కదండీ."

చప్పట్లు కొట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"లేదా?" అన్నాను నేను. "మొన్న మా చెల్లి మునిగింది!"

"అయ్యో. బండి తగిలిందామ్మా?"

"లేదు."

"పోనీ, బండి ఆగిందా?"

"లేదు. మేమే దిగాం."

"అయితే అది నీళ్ళ ప్రమాదం కింద వస్తుందమ్మా. దానికి వేరే శాఖ ఉంది."

"చింతపాడోళ్ళకి ఎలా ఇచ్చారండీ?" అంది ఏసుమణి.

"అక్కడి పిల్లలు గట్టు మీద కబడ్డీ ఆడేవాళ్ళమ్మా. బళ్ళు రోజూ ఆగిపోయేవి. రొయ్యలు పాడైపోయేవి. మరి ఇవ్వక తప్పలేదు."

 తర్వాత పెదనాన్న చాలా నెమ్మదిగా, దారి అడిగేవాడిలా అడిగారు. "మా సూర్యం పోయాడండి, మలుపు కాడ. అదుందా అందులో?"

శ్రీవత్స గారు మళ్ళీ తెర తెరిచి వెతికారు. "ఏ ఏడండీ?"

పెదనాన్న చెప్పారు. నెల, తిథి కూడా చెప్పారు.

"ఆ రోజు ఆగుడు లేదండి."

"ఆగలేదండి. ఆగుంటే మావోడు ఉండేవోడు."

"అదేనండి. బండి ఆగితేనే అందులో పడుతుంది. ఆగకపోతే, దానికి ఏదో అడ్డం వచ్చిందని దానికే తెలియదు."

ఆయన ఆ మాట కఠినంగా అనలేదు. జాలిగానే అన్నారు. ఆ జాలి చూసే నాకు ఒళ్ళు మండింది. మా అన్న ఈ గట్టు మీద చనిపోయాడు. ఆ చావుని కూడా ఈ గట్టు ఎరగదు. మేము ఎనిమిదేళ్ళుగా నీళ్ళలో నిలబడి దాచింది మా ప్రాణాలు మాత్రమే కాదు, వాళ్ళ తప్పుని కూడా. బుద్ధిగా ఉన్న పిల్లల పక్కన దారి వెయ్యరు. బుద్ధిగా ఉన్నారు కదా అని బళ్ళు పెంచుతారు.

7. సోమవారం

గోడ ముందు కూర్చున్నాను. "నాకు కోపం" అని రాశాను. "తగ్గాలంటే గాఢంగా ఊపిరి పీల్చు" అని వెలిగింది. దుప్పటి తెచ్చి గోడ మీద కప్పేశాను.

పెదనాన్న రెండు రోజులుగా ఒడ్డున దోనె పడవ దగ్గరే ఉంటున్నారని పెద్దమ్మ చెప్పింది. వెళ్ళి చూస్తే చిప్పతో దోనెలో నీళ్ళు తోడుతున్నారు. అప్పటికే అందులో నీళ్ళు లేవు.

"మిమ్మల్ని ఇన్నేళ్ళు నీళ్ళలోకి దింపాను" అన్నారు నన్ను చూడకుండానే.

"మమ్మల్ని బతికించారు పెదనాన్నా."

"బతికించాను. ఎవరికీ కనపడకుండా చేశాను."

నేను ధైర్యం చేశాను. "మనం దిగకపోతే?"

చిప్ప విసిరికొట్టారు. "ఆ మాట ఇంకోసారి అన్నావంటే కాళ్ళిరగ్గొడతాను! దిగకపోతే ఏవవుద్దో నాకు చెప్తావా నువ్వు? నాకా?"

నేను ఏడుస్తూ వచ్చేశాను. తర్వాత ఆయనే మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని, నాతో కాదు, అలివేలుతో మాట్లాడారు.

"నువ్వు బడికెళ్తావా?"

"పరదా తీసేస్తే వెళ్తా."

"తియ్యరంట."

"అయితే మీరు ఎత్తుకెళ్ళండి."

ఆయన చాలాసేపు దాని కాళ్ళ వంక చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత లేచి ఊరివాళ్ళని మళ్ళీ షెడ్డుకి పిలిపించారు.

కొత్త కట్టుబాటు ఇది. గురువారం నుంచి గువ్వలంకవాళ్ళు ఎవరూ బండి కోసం గట్టు దిగకూడదు. పిల్లలు ముందు నడవకూడదు, చివర నడవకూడదు, మధ్యలోనే నడవాలి. మంచు పూర్తిగా విడిచాకే బయల్దేరాలి. బండికి మనిషి దూరం నుంచే కనపడేలా ముందువాళ్ళ చేతిలో ఎర్రగుడ్డ ఉండాలి. మలుపుకి అటూ ఇటూ పెద్దవాళ్ళు ముందే వెళ్ళి నిలబడాలి. గట్టు దిగినవాళ్ళ ఇంటి మీద తప్పు పడుతుంది.

"మొన్నటిదాకా దిగకపోతే తప్పు, ఇప్పుడు దిగితే తప్పా?" అని ఏసుమణి వాళ్ళ నాన్న అన్నాడు.

"మొన్నటిది నా తప్పు" అన్నారు పెదనాన్న.

8. గురువారం

చూసింది అంతా రాయాలి. 

ఎండ వచ్చాక బయల్దేరాం. ముందు పెదనాన్న, ఆయన చేతిలో పెద్దమ్మ పాత ఎర్రచీర. ఆయన వెనక మగవాళ్ళు, మధ్యలో మేము, మా వెనక అమ్మలు. అందరూ పెళ్ళికి వెళ్తున్నట్టు తలలు దువ్వుకుని వచ్చారు. ఎందుకో తెలియదు.

తిన్నగా ఉన్న గట్టు మీద దూరాన బండి కనపడింది. పెదనాన్న చీర విప్పి పైకెత్తారు. బండి వస్తోంది. నా కాళ్ళు వాటంతట అవే ఏటవాలు వైపు తిరిగాయి. అలివేలు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అంతలో వెనక ఎవరో అలవాటు కొద్దీ "దిగుడో!" అని కేక వేశారు.

సగం ఊరు దిగిపోయింది!

పెద్దవాళ్ళు, పిల్లలు, కట్టుబాటు మీద ఒట్టేసినవాళ్ళు సర్రున జారి నీళ్ళలో పడ్డారు. అలివేలుని లాక్కుని నేనూ దిగాను. సిగ్గుగా ఉంది గానీ చూసింది రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పైకి చూస్తే గట్టు మీద అందరికన్నా ముందు, బండికి ఎదురుగా పెదనాన్న ఒక్కరే ఉన్నారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

బండి నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఎర్రచీర అంచు దాని ముఖానికి తగిలేంత దూరంలో ఆగింది.

మూగబండి ఆగడం మాలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆగాక అది మాట్లాడింది. తియ్యటి ఆడగొంతు. "దయచేసి దారి ఇవ్వండి. దయచేసి దారి ఇవ్వండి."

ఇన్నాళ్ళూ దాన్ని మూగదనుకున్నాం. దానికి మాటలు వచ్చు. మాతో మాట్లాడే అవసరం రాలేదు, అంతే.

నీళ్ళలోంచి ఏసుమణి అరిచింది, "నువ్వియ్యవే! ఎనిమిదేళ్ళ బట్టీ ఇస్తన్నాం!"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో అందరికీ ప్రాణం వచ్చింది. ఒకళ్ళనొకళ్ళు లాక్కుంటూ పైకెక్కాం. బండి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. మేము దాని వెంట నడిచాం. దాని వెనక ఇంకో బండి వచ్చి ఆగింది, ఆ వెనక ఇంకొకటి. అన్నీ వెనక్కి వెనక్కి జరుగుతూ, అన్నీ ఒకే గొంతుతో దారి ఇమ్మని బతిమాలుతున్నాయి. ఐసు కరిగి వాటి కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. గట్టు మీద మా కాళ్ళు ఆరిపోతున్నాయి.

సగం దారిలో శ్రీవత్స గారి పడవ వచ్చింది. ఆయన నిలబడి చేతులూపారు. "సాంబయ్య గారూ! ఏంటండీ ఇది? లక్షల సరుకు పాడైపోతుంది. ఒక్క ఐదు నిమిషాలు పిల్లల్ని కిందికి దించండి!"

"ఎక్కడికండి దించేది?"

"అదే... పక్కకి."

"ఆ పక్కనే వేయమంటన్నాం కదండీ దారి. వేసెయ్యండి, దింపేస్తాం." పెదనాన్న నడక ఆపలేదు. "బడి దాకానే వెళ్తన్నాం. అలివేలు నడక, కాస్త ఆలస్యమవుద్ది. మీరు కూడా రండి, నడుద్దాం."

"నేను గట్టు మీదికి రాకూడదండీ" అన్నారు ఆయన. అన్నాక ఆయనకే ఆ మాట వినపడినట్టుంది. కూర్చుండిపోయారు.

బడి గుమ్మం దగ్గర హెలెన్ టీచర్ నిలబడి ఉన్నారు. వరసగా మా కాళ్ళ వైపు చూశారు. బురద లేదు. అంటే, సగం మందికి లేదు.

9. మరో గురువారం

రోజూ అలాగే నడిచాం. పెద్దవాళ్ళు వంతులు వేసుకున్నారు. మూడో రోజు నుంచి ఎవరూ దిగలేదు. అలివేలు బండి ముఖం మీద అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉందట.

ఇవాళ బోర్డు నుంచి సందేశం వచ్చింది. షెడ్డులో నా చేత చదివించారు. "ఆగుళ్ళు పరిమితి దాటినందున గువ్వలంక గట్టు ప్రమాదకరమైన దారిగా అర్హత సాధించినది. పక్కదారి నిధి మంజూరు చేయడమైనది. అభినందనలు."

అందరూ లేచి అరిచారు. ఏసుమణి నన్ను ఎత్తి తిప్పింది. కమ్మీలు వస్తాయి, దీపాలు వస్తాయి, రెండు సైకిళ్ళు పక్కపక్కన పోయేంత దారి వస్తుంది. నేనూ అరిచాను. సంతోషం అబద్ధం కాదు.

కానీ ఆ వాక్యం నాకు గొంతు దిగడం లేదు. అర్హత సాధించినది! మేము నీళ్ళలో నిలబడినన్నాళ్ళూ గట్టు క్షేమం. ఎండలో, ఎర్రగుడ్డ పట్టుకుని, పెద్దవాళ్ళ మధ్య భద్రంగా నడిచిన ఈ వారం మాత్రం ప్రమాదం. మా అన్న చనిపోయిన రోజు కూడా ఈ దారికి అర్హత లేదు. పిల్లల్ని చూసి దారి వెయ్యరట. రొయ్యలు ఎంతసేపు ఆగాయో చూసి వేస్తారట. ఇది రాసినవాళ్ళు ఎవరో నాకు తెలియదు. ఒక్కరోజు నెత్తిన పుస్తకాలు పెట్టుకుని ఆ పరదా మీద దిగి చూడమనాలని ఉంది.

మంజూరు కాగితం ఇవ్వడానికి శ్రీవత్స గారు వచ్చారు. పెదనాన్న ఆయనకి టీ ఇచ్చి, "మిగతా లంకల సంగతేంటండి? పిట్టలంక, వల్లూరి దిబ్బ?" అన్నారు.

"వాళ్ళవి సున్నాలేనండి. చాలా బుద్ధిమంతులు."

"వాళ్ళకెవరు నేర్పారు?"

శ్రీవత్స గారు కాస్త మొహమాటపడ్డారు. "మిమ్మల్ని చూసే కదండీ. మీ కట్టుబాటు మంచిదని మా బోర్డే అన్ని ఊళ్ళకీ చెప్పింది."

పెదనాన్న తన గ్లాసు కింద పెట్టేశారు. టీ తాగలేదు.

10. ఆదివారం

చూసింది మాత్రమే రాస్తాను.

పొద్దున్నే పిట్టలంక వెళ్ళడానికి పెదనాన్న ఒక సైకిలు అడిగి తీసుకున్నారు. నేను ఏసుమణి వెనక కూర్చున్నాను. పిట్టలంక గట్టు మాదానికన్నా సన్నం. అక్కడ కూడా నల్ల పరదా వేసేశారు. ఆదివారం కదా, బళ్ళు తక్కువగా ఉన్నాయి.

దూరాన పిల్లలు కనపడ్డారు. చర్చి నుంచి వస్తున్నట్టున్నారు, ఉతికిన బట్టల్లో ఉన్నారు. ఏసుమణి పలకరింపుగా బెల్లు కొట్టింది.

"దిగుడో!" అని ముందున్న పిల్ల కేక వేసింది.

వాళ్ళు దిగారు. మా రెండు సైకిళ్ళ కోసం, వరసగా, కూర్చుని జారి, నీళ్ళలోకి. తెల్ల గౌనులు తడవకుండా పైకి పట్టుకుని, తలలు వంచుకుని, మేము వెళ్ళేదాకా నిలబడ్డారు. అందరికన్నా చిన్నదాన్ని ఒక పిల్ల చంకనెత్తుకుంది.

పెదనాన్న సైకిలు దిగి స్టాండు వేశారు. చెప్పులు విడిచారు. పంచె ఎగ్గట్టుకుని, నల్ల పరదా మీద కూర్చుని, వాళ్ళ పక్కకి జారి నీళ్ళలో నిలబడ్డారు.

"ఎందుకు దిగారమ్మా?" అన్నారు.

"మీకు దారివ్వాలి కదండీ తాతగారూ" అంది ముందు కేక వేసిన పిల్ల. "మీరు ముందు వెళ్ళండి, మేము తర్వాత ఎక్కుతాం."

"ఎక్కండి."

"పెద్దవాళ్ళు వెళ్ళాకే ఎక్కాలండి. మా ఊరి కట్టుబాటు."

పెదనాన్న ఆ పిల్లకి ఇంకో అడుగు దగ్గరగా జరిగారు. తర్వాత అన్నారు, "ఆ కట్టుబాటు పెట్టినోణ్ణి నేనేనమ్మా. తీసేస్తన్నాను. మీరందరూ గట్టు మీదికి ఎక్కేదాకా నేనీ నీళ్ళలోంచి కదలను."

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చంకలో ఉన్న చిన్నదాన్ని ముందు పైకి అందించారు. నేను అందుకున్నాను. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే ఎక్కారు, ప్రతి అడుగుకీ వెనక్కి తిరిగి, తమ కోసం నీళ్ళలో నిలబడ్డ ముసలాయన్ని చూసుకుంటూ.